ఎండాకాలంలో టైర్లలో గాలి తగ్గించాలా? రెండు అంచులూ అరిగిపోతున్నాయి

ఎర్రనేల (అనంతపురం):
అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా వారానికి రెండుసార్లు 44వ జాతీయ రహదారి మీద అనంతపురం నుంచి కర్నూలుకు నా చిన్న పెట్రోలు కారులో వెళ్లి వస్తుంటాను. ఎండలకు గాలి వ్యాకోచించి టైరు పగిలిపోతుందని, అందుచేత వేసవిలో గాలి కొంచెం తక్కువే ఉంచుకోవాలని మా వీధిలో పంక్చర్లు వేసే ఆయన చెబుతూ ఉంటాడు. ఆ మాట పట్టుకుని, డోన్ దగ్గర బంకులో ఆగినప్పుడల్లా గాలి చూపించి, 38 పౌండ్లు (psi) ఉంటే 33కు తగ్గించి బయలుదేరుతున్నాను. ఈ టైర్లు వేసి ఏడాది కాలేదు, 28,000 కిలోమీటర్లే తిరిగాయి. అయినా నాలుగింటికీ రెండు అంచులూ నున్నబడిపోయాయి, నడుమ గాడి మాత్రం బాగానే ఉంది. ఇది టైరు లోపమా, నేను చేస్తున్న తప్పా? నైట్రోజన్ పట్టిస్తే ఈ గొడవే ఉండదని కూడా కొందరు అంటున్నారు.

తుంగభద్ర తీరం (కర్నూలు):
ఎర్రనేల గారూ, టైరును అనుమానించకండి. చాలా ఏళ్లు మెకానిక్ షెడ్డు నడిపినవాడిగా చెబుతున్నాను, రెండు అంచులూ అరిగి నడుమ మిగిలిందంటే అది గాలి తక్కువతో తిరిగిన టైరు. గాలి ఎక్కువైతే నడుమ అరుగుతుంది; ఒకే అంచు అరిగితే అలైన్‌మెంట్ చూపించుకోవాలి.

డ్రైవరు తలుపు తెరిస్తే ఆ చట్రం మీద ఒక చిన్న స్టిక్కరు ఉంటుంది. దాని మీద 33 అని ఉంటే, అది చల్లని టైరులో ఉండవలసిన గాలి, అంటే రాత్రంతా నిలబెట్టిన బండిలో తెల్లవారి చూసిన లెక్క. ఉష్ణోగ్రత ఆరు డిగ్రీలు పెరిగితే సుమారు ఒక పౌండు పెరుగుతుంది. పొద్దున 27 డిగ్రీల వద్ద 33 ఉన్న టైరు, మండుటెండలో అంత దూరం పరుగెత్తి లోపలి గాలి 60 డిగ్రీలకు చేరితే 38 చూపిస్తుంది. అది న్యాయంగా ఉండవలసిన అంకె, టైరు తయారుచేసినవారు దాన్ని ముందే లెక్కలోకి తీసుకుంటారు. మీరు ఆ వేడిలోనే 33కు దించితే మర్నాడు పొద్దున అదే టైరులో 28 మాత్రమే మిగులుతుంది.

ఇక పగలడం సంగతి. గాలి తక్కువైన టైరు పక్కగోడ ప్రతి చుట్టులోనూ ఎక్కువగా వంగి లేస్తుంది. ఆ వంగుడుకు లోపల వేడి పుడుతుంది, ఆ వేడికి రబ్బరూ దారాల పొరలూ విడిపోతాయి. వేసవిలో రోడ్డు పక్కన చీలికలై పడి ఉండే టైర్లలో చాలావాటి కథ ఇదే. మీ పంక్చరు ఆయన భయం సరైనదే, మందు మాత్రం తిరగబడింది.

నైట్రోజన్ గురించి ఒక్క మాట: మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. వేడికి అది పెరగడంలోనూ పెద్ద తేడా లేదు. తేమ ఉండదు, కాస్త నెమ్మదిగా దిగుతుంది, అంతే. ఉచితంగా దొరికితే పట్టించండి.

పాలకొండ (కడప):
పై సమాధానానికి ఒక అనుభవం చేరుస్తాను. నేను రోజూ కారు నడిపే ఉపాధ్యాయురాలిని. కిందటి వేసవిలో తాడిపత్రి దారిలో నాపరాయి చెక్క ఒకటి తగిలి టైరు పక్కగోడ మీద నిమ్మకాయంత బుడిపె లేచింది. అతుకు వేసి పంపుతానని ఒక షాపులో అన్నారు గానీ నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే పక్కగోడకు వేసిన అతుకు నిలవదు. బుడిపె లేచిందంటే లోపలి దారాలు తెగినట్లే. తీరా స్టెప్నీ దించితే అందులో గాలి 15 కూడా లేదు. మూడేళ్లుగా దాని మొహం చూసినవారు లేరు! కాబట్టి నాలుగింటితో పాటు అయిదోదాన్నీ నెలకొకసారి చూడండి.

మీ టైర్లు మార్చేటప్పుడు పక్కగోడ మీద నాలుగు అంకెలు వెతకండి: 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైనదని అర్థం. కొత్తదని చెప్పి గోదాములో ఏళ్లు పడి ఉన్న సరుకు అంటగట్టే అవకాశం ఉంది. గాడిలో అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి, అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తువి. టైరు అరిగి వాటితో సమానమైతే ఇక వాడకూడదు. మీ అంచుల దగ్గర ముందు అవి చూసుకోండి.

ఎర్రనేల (అనంతపురం):
ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ రోజు పొద్దున ఆరింటికి, బండి కదలకముందే, గేజీ పెట్టి చూశాను. మూడింటిలో 27, 28, 28. వెనక ఎడమ టైరులో 24. ముందరి రెండూ అంచుల్లో గట్టుతో సమానమయ్యాయి, వాటిని రేపే మార్పిస్తున్నాను. కానీ ఆ 24 ఎందుకో అర్థం కావడం లేదు, మేకు ఏమీ కనబడలేదు.

తుంగభద్ర తీరం (కర్నూలు):
మిగిలినవాటి కంటే మూడు నాలుగు తక్కువ ఉందంటే ఎక్కడో కారుతోంది. ముందు 33కు గాలి పట్టించి, వాల్వు మూత తీసి దాని నోటి మీద రెండు చుక్కలు సబ్బునీళ్లు వేయండి. బుడగ లేస్తే లోపలి పిన్ను మార్చడంతో సరిపోతుంది. లేకపోతే చక్రం విప్పించి నీళ్ల తొట్టిలో ముంచి తిప్పించండి, రిమ్ము అంచు దగ్గర కూడా చూడమనండి. నీడలో నిలిపిన బండికే గాలి చూడడం మరచిపోకండి, ఎండ పడే పక్క టైర్లు ఒకటి రెండు పౌండ్లు ఎక్కువ చూపిస్తాయి.

ఎర్రనేల (అనంతపురం):
వాల్వేనండి. సబ్బునీళ్లు వేయగానే ఆవగింజంత బుడగ లేచి, పగిలి, మళ్లీ లేచింది. పిన్ను మార్పించాను.