బాదం పిండి బ్రెడ్ నడుమ కుంగిపోతోంది, లోపల జిగురుగా ఉంటోంది. లోపం ఎక్కడ?

ప్రశ్న (హన్మకొండ నుంచి)

మా అమ్మాయికి 19 ఏళ్లు. నెలసరి రెండు మూడు నెలలకొకసారి రావడం, గడ్డం కింద వెంట్రుకలు మొలవడం చూసి డాక్టరమ్మకు చూపిస్తే పీసీఓడీ (అండాశయాల్లో హార్మోన్ల తేడా వల్ల వచ్చే సమస్య) అని చెప్పి, అన్నిటికన్నా ముందు అన్నం, మైదా, చక్కెర తగ్గించమన్నారు. మా వారికి ఆరేళ్లుగా షుగర్ ఉంది. పొద్దున చాయ్‌తో బ్రెడ్ తినడం ఇద్దరికీ ఏళ్ల నాటి అలవాటు. ఆ అలవాటు మాన్పించి బాధపెట్టే కన్నా బ్రెడ్‌నే మార్చడం మేలనిపించి, బాదం పిండితో ఇంట్లో చేయడం మొదలుపెట్టాను.

ఇప్పటికి మూడుసార్లు చేశాను. ఓటీజీలో (కరెంటు ఓవెన్‌లో) ఉన్నంతసేపు గోపురంలా పొంగిన బ్రెడ్, బయటకు తీసిన పది నిమిషాలకే నడుమ కుంగిపోతోంది. కోస్తే కత్తికి జిగురు అంటుకుంటోంది, లోపల వంకాయ రంగు కనిపిస్తోంది, గుడ్డు వాసన వేస్తోంది. నేను వేసే కొలతలు ఇవి: రెండు కప్పుల బాదం పిండి, ఐదు కోడిగుడ్లు, మూడు చెంచాల ఇసబ్‌గోల్, ఒక చెంచా బేకింగ్ పౌడర్, అర కప్పు నీళ్లు. 180 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు పెడుతున్నాను. బాదం ధర తలచుకుంటే పాడైన బ్రెడ్ పారేయడానికి చేయి రావడం లేదు. మా అత్తమ్మ మాత్రం కొంత జొన్న పిండి కలిపితే బ్రెడ్ నిలబడుతుందంటున్నారు. అలా కలపవచ్చా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (కాజీపేట నుంచి)

అక్కా, ముందు మీ చెంచాలను, కప్పులను పక్కన పెట్టి, గ్రాములు చూపే చిన్న తూకం మిషన్ ఒకటి కొనండి. ఇసబ్‌గోల్ పొట్టు రూపంలో ఉంటే చెంచాకు తక్కువ బరువు, మెత్తటి పొడిగా ఉంటే అంతకన్నా చాలా ఎక్కువ బరువు తూగుతుంది కాబట్టి, మూడు చెంచాలు అన్న మాటకు అర్థమే మారిపోతుంది. గోధుమలో, మైదాలో గ్లూటెన్ అనే సాగే ప్రోటీన్ ఉండి, పొంగిన గాలిని పట్టి ఉంచుతుంది. బాదంలో అది లేదు. ఆ పని ఇక్కడ ఇసబ్‌గోలే చేయాలి, అది నీళ్లు తాగి జిగురు కడితేనే చేయగలుగుతుంది. మీ బ్రెడ్‌లో గుడ్లు పొంగిస్తున్నాయి కానీ, పొంగినదాన్ని నిలబెట్టేది చాలినంత లేదు.

నేను 200 గ్రాముల బాదం పిండికి 30 గ్రాముల ఇసబ్‌గోల్ పొడి, 10 గ్రాముల బేకింగ్ పౌడర్, 5 గ్రాముల ఉప్పు కలిపి, మూడు గుడ్లు, రెండు చెంచాల నూనె, ఒక పెద్ద చెంచా వెనిగర్ వేసి, చివరగా 200 మిల్లీలీటర్ల వేడి నీళ్లు పోస్తూ గబగబా కలుపుతాను. మొదట అది ఇడ్లీ పిండిలా జారుతూ కనిపించి భయపెడుతుంది. గట్టిపడాలని ఇంకా పిండి మాత్రం వేయకండి. పది నిమిషాలు ఊరుకుంటే అదే గట్టిపడి, తడి చేతికి అంటకుండా ముద్దగా లేస్తుంది. వేలితో నొక్కితే సొట్ట పూడిపోకుండా అలాగే ఉంటే నీళ్లు సరిపోయినట్టు. 170 డిగ్రీల దగ్గర గంట సేపు ఉంచండి, మొదటి 40 నిమిషాలు తలుపు తీయకండి. పైన రంగు ముదురుతుంటే అల్యూమినియం రేకు (ఫాయిల్) కప్పండి. బయటకు తీశాక జాలీ మీద పూర్తిగా, అంటే కనీసం రెండు గంటలు, చల్లారనివ్వాలి. వేడి మీద కోస్తే సరిగ్గా కాలిన బ్రెడ్ కూడా జిగురుగానే ఉంటుంది. వంకాయ రంగు కొన్ని రకాల ఇసబ్‌గోల్ వేడికి తిరిగే రంగే, దానివల్ల హాని లేదు. గుడ్లు తగ్గిస్తే వాసనా తగ్గుతుంది.

జొన్న పిండి మాత్రం కలపకండి. 100 గ్రాముల జొన్న పిండిలో దాదాపు 70 గ్రాములు రక్తంలో చక్కెరను పెంచే పిండి పదార్థమే (కార్బోహైడ్రేట్). జొన్న రొట్టె మన ఇళ్లలో తరతరాల తిండి, దాని విలువ దానికుంది, కానీ మీరు చేయాలనుకుంటున్న బ్రెడ్ అది కాదు.

జవాబు (జగిత్యాల నుంచి, విశ్రాంత ఉపాధ్యాయుడు)

అమ్మా, నాకూ షుగర్ ఉంది, నాకూ బాదం ఖర్చు భారమే. అందుకే నేను పల్లీల మీదికి వచ్చాను. పై జవాబులోని 200 గ్రాముల బాదం పిండికి బదులు, 150 గ్రాముల పల్లీలు సన్న సెగ మీద వేయించి, పొట్టు తీసి, పూర్తిగా చల్లారాక 50 గ్రాముల అవిసెలతో కలిపి మిక్సీలో ఆగి ఆగి తిప్పుతాను. ఒకేసారి తిప్పితే నూనె వదిలి ముద్దయిపోతుంది. అవిసెల్లో ఉన్న పిండి పదార్థంలో అత్యధిక భాగం పీచే కాబట్టి రక్తంలో చక్కెరను అంతగా పెంచదు. అయితే అవి నీళ్లు ఎక్కువ పీలుస్తాయి, పైన చెప్పిన 200 మిల్లీలీటర్లకు తోడు మరో 30 మిల్లీలీటర్లు పోయండి. ముడుచుకుపోయిన పల్లీలు, బూజు వాసన ఉన్నవి ఏరి పారేయడం మరువకండి. బ్రెడ్‌కు పల్లీల వాసన ఉంటుంది, నాకది ఇష్టమే. మా ఇంట్లో శనివారం గుడ్డు ముట్టరు కాబట్టి, ఆ రోజులకు ముందే ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకోవడం కూడా కుదరదు. వారికి నువ్వుల పొడితో పెనం మీద రొట్టె చేసి ఇస్తాను.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇలాంటి ఒక్కో ముక్కలో పీచు పోను పిండి పదార్థం రెండు మూడు గ్రాములకు మించదు, మామూలు బ్రెడ్ ముక్కలో 15 గ్రాముల దాకా ఉంటుంది. కానీ గింజల నూనె వల్ల కేలరీలు మామూలు ముక్కకన్నా ఎక్కువే. షుగర్ పెరగదు కదా అని నాలుగు ముక్కలు తింటే బరువు పెరుగుతుంది, అమ్మాయి విషయంలో అది మంచిది కాదు. రెండు ముక్కలు, పక్కన ఒక గుడ్డు చాలు. మీ వారికి తినే ముందు ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి గ్లూకోమీటర్‌తో చూడండి. ఆయన ఒంటికి ఏది పడుతుందో ఆ రెండు అంకెలు చెబుతాయి.

జవాబు (కరీంనగర్ నుంచి, మందుల దుకాణం)

వంట గురించి పెద్దలు చెప్పారు, నేను మందుల గురించే చెబుతాను. మీ వారు గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే, పిండి పదార్థం ఒక్కసారిగా తగ్గించినప్పుడు చక్కెర మరీ పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. డపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర వాడేవారికి మరో రకమైన ప్రమాదం ఉంటుంది. రక్తంలో చక్కెర పెరగకుండానే కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) చేరి ప్రాణం మీదికి రావచ్చు. అందుకని తిండి మార్చే ముందే డాక్టరుకు చెప్పి మోతాదు సరిచేయించుకోవాలి. ఇంట్లో ఎవరైనా థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంటే, ఇసబ్‌గోల్ ఉన్న ఈ బ్రెడ్‌కూ ఆ మాత్రకూ నాలుగు గంటల ఎడం ఉంచాలి, లేకపోతే మాత్ర సరిగా ఒంటబట్టకపోవచ్చు. బ్రెడ్ తిన్నాక నీళ్లు బాగా తాగాలి.

అమ్మాయి సంగతికి వస్తే, రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉన్నప్పుడు అండాశయాలు పురుష హార్మోన్లను ఎక్కువగా తయారు చేస్తాయి, వాటిని పట్టి ఉంచే ప్రోటీన్‌ను కాలేయం తక్కువగా తయారు చేస్తుంది. డాక్టరమ్మ తిండితో మొదలుపెట్టమన్నది అందుకే. ఫలితం వారంలో చూడకండి, నెలసరి క్రమానికి రావడానికి కొన్ని నెలలు పడుతుంది.

ప్రశ్న వేసినవారు

అందరికీ నమస్కారాలు. తూకం కొన్నాను. నా మూడు చెంచాల ఇసబ్‌గోల్ పొట్టు తూస్తే 12 గ్రాములే వచ్చింది! నిన్న సగం బాదం, సగం పల్లీలతో చేశాను. మా అత్తమ్మ కత్తి పట్టుకుని నిలబడినా రెండు గంటలు ఆపాను. నడుమ కుంగలేదు, ముక్క వంచితే విరగకుండా వంగింది. మా వారు గ్లిమెపిరైడే వాడుతున్నారు కాబట్టి సోమవారం డాక్టరును కలిసేదాకా ఆయనకు ఒక్క ముక్కే ఇస్తున్నాను. అమ్మాయి రెండు తిని, రేపటికి మళ్లీ చేయమంది.