దూరం తొక్కే సత్తువ: పెద్ద గేరా, తేలిక గేరా?

కొత్తచక్రం: ముప్పై కిలోమీటర్లు దాటేసరికి ఆయాసం లేకపోయినా తొడలు బరువెక్కి, మోకాళ్ల ముందుభాగం సలుపుతోంది. పెద్ద గేరులో బలంగా తొక్కితేనే దమ్ము పెరుగుతుందని చాలామంది అంటున్నారు. వంద కిలోమీటర్లు ఒకే విడతలో తొక్కినవారు తమ అనుభవం చెప్పగలరా?

పాతఇరుసు: దీనికి సగం జవాబు సైకిల్ పుట్టుకలోనే ఉందండి. 1817లో మన్‌హైమ్‌లో కార్ల్ ఫాన్ డ్రైస్ నడిపిన చెక్క బండికి పెడళ్లే లేవు, కాళ్లతో నేలను తన్నుకుంటూ సాగాల్సిందే. 1860ల్లో ముందు చక్రం ఇరుసుకే పెడళ్లు బిగించారు. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒకే చుట్టు తిరిగేది కనుక, వేగం కోసం ఆ చక్రాన్ని పెంచుకుంటూ పోయారు. చివరికి తొక్కేవారి కాలి పొడవే దానికి హద్దయింది. 1885లో కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తెచ్చిన రోవర్ సైకిల్‌లో గొలుసు వెనక చక్రాన్ని తిప్పింది. ముందూ వెనకా పళ్లచక్రాల పరిమాణం మారిస్తే చాలు, చిన్న చక్రంతోనే వేగం అందింది. గేర్లు ఆ దారినే వచ్చాయి. కాళ్లకు అనువైన లయను కాళ్లకే వదిలిపెట్టడం గొలుసు చేసిన అసలు మేలని నా అభిప్రాయం. తేలిక గేరు వేసుకుని, అదే వేగంలో నిమిషానికి 60 చుట్లకు బదులు 90 చుట్లు తిప్పితే, ప్రతి చుట్టులోనూ పెడల్‌పై వేయాల్సిన బలం మూడో వంతు తగ్గుతుంది.

దూరబాటసారి: సీటు ఎత్తు కూడా చూసుకోండి. పెడల్ అడుగున ఉన్నప్పుడు దానిపై మడమ ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి. సీటు మరీ కిందికుంటే మోకాలి ముందువైపే నొప్పి వస్తుంది.

నిదానయాత్ర: అందరికీ నిమిషానికి 90 చుట్లు కుదరదు, 75 దగ్గర హాయిగా ఉండేవారూ ఉన్నారు. నా మటుకు నాకు మేలు చేసింది నెమ్మదితనమే. పక్కవారితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగే వేగంతో గంటల తరబడి తొక్కితే కండరాల్లో సూక్ష్మ రక్తనాళాలు పెరుగుతాయి, కొవ్వును ఇంధనంగా వాడుకునే శక్తీ పెరుగుతుంది. వారానికొక దూర ప్రయాణాన్ని కొద్దికొద్దిగా పొడిగిస్తూ, మూడు వారాలకోసారి తగ్గించండి. రెండు గంటలు మించితే ఆకలి వేయకముందే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోవాలి.

కొత్తచక్రం: ఎత్తు ఎక్కేటప్పుడు కూడా ఇదే లయ నిలుస్తుందా?

పాతఇరుసు: కొంత తగ్గుతుందండి. అయితే ఎత్తు మొదలవకముందే తేలిక గేరుకు మారండి, పెడల్‌పై బరువు పడ్డాక మారిస్తే గొలుసు పట్టేస్తుంది.