అప్‌డేట్: కెడెన్‌లైవ్ వీడియో పీఎస్4లో ఆడింది

అక్క పెళ్లి వీడియో కెడెన్‌లైవ్‌లో (ఉచిత వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) ఎడిట్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి పీఎస్4కి (సోనీ ప్లేస్టేషన్ 4 గేమ్ కన్సోల్) పెడితే ఆడట్లేదని అడిగాను కదా. ఇప్పుడు ఆడుతోంది. తప్పు నాదే, అదీ ఒకటి కాదు, రెండు.

మొదటిది, పెన్‌డ్రైవ్ ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌లో (విండోస్ ఫైళ్లు దాచే పద్ధతి) ఉంది, పీఎస్4 దాన్ని అసలు చదవదు. ఎఫ్ఏటీ32 అనే పాత ఫార్మాట్‌కి మారుద్దామంటే అందులో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు, నాదేమో 6 జీబీ, అందుకే ఆ పరిమితి లేని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేశాను (ముందు అందులోని ఫొటోలు తీసి పెట్టుకున్నాను లెండి).

అప్పుడు ఫైలు కనిపించింది కానీ ప్లే కాలేదు. రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది, రెండర్ (ఎడిట్ చేసినదాన్ని వీడియో ఫైలుగా తయారు చేయడం) సెట్టింగుల్లో నేనే క్వాలిటీ బాగుంటుందని 10 బిట్ (మామూలు 8 బిట్ కన్నా ఎక్కువ రంగు ఛాయలు) పెట్టాను! పీఎస్4 ఎంపీ4 ఫైల్లో తీసుకునేది హెచ్.264 అనే వీడియో కుదింపు పద్ధతిలో హై ప్రొఫైల్ అనే రకం, లెవెల్ 4.2 వరకు; ఆ హై ప్రొఫైల్‌లో 8 బిట్ మాత్రమే ఉంటుంది. ఆడియో ఏఏసీ పద్ధతిలో ఉండాలి. పిక్సెల్ ఫార్మాట్‌ని (రంగులు దాచే తీరు) మామూలు 4:2:0, 8 బిట్‌కి మార్చి, 1080పీ, సెకనుకు 60 ఫ్రేములతోనే మళ్లీ రెండర్ చేశాను. నా పాత ల్యాప్‌టాప్‌లో రాత్రంతా పట్టింది.

పొద్దున్నే టీవీలో పెడితే అమ్మ చూసి, అప్పగింతలు ఎందుకు కత్తిరించావురా అంది. మళ్లీ రెండర్.