ఆర్‌డీ 350 కొనాలంటే హెచ్‌టీనా, ఎల్‌టీనా? లేక ఆర్‌ఎక్స్ 100 చాలా?

కృష్ణలంక కుర్రాడు
అందరికీ నమస్కారం అండీ. చిన్నప్పుడు మా మేనమామ దగ్గర రాజ్‌దూత్ 350, అదే అందరూ ఆర్‌డీ 350 అనే రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ బైక్, ఉండేది. ఆయన ఇంకా మలుపు తిరగకముందే సౌండ్ వినపడేది, పిల్లలందరం గేటు దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. ఇన్నాళ్ళకి చేతిలో మూడున్నర లక్షలు పోగయ్యాయి. మూడు బళ్ళు చూశాను. ఒకటి గుంటూరులో 1984 హెచ్‌టీ (హై టార్క్, ఆర్‌డీల్లో పవర్ ఎక్కువది), 3 లక్షల 40 వేలు చెప్పారు, కొత్త పెయింట్, క్రోమ్ అంతా మెరిసిపోతోంది. రెండోది తెనాలి దగ్గర ఒక పల్లెలో 1987 ఎల్‌టీ (లో టార్క్, పవర్ తక్కువది), 2 లక్షల 70 వేలు, రంగు వెలిసిపోయింది, సీటు చిరిగింది, కానీ మొదటి ఓనర్ ఇంట్లోనే ఉంది, ఆయన పోయాక కొడుకు చూసుకుంటున్నాడు. మూడోది పటమటలో 1994 యమహా ఆర్‌ఎక్స్ 100, లక్షా పది వేలు. ఇంట్లోవాళ్ళు ఆర్‌ఎక్స్ చాలంటున్నారు, ఫ్రెండ్స్ మాత్రం హెచ్‌టీ కాకపోతే అసలు ఆర్‌డీ కొన్నట్టే కాదంటున్నారు. ఆదివారం పొద్దున్నే గుంటూరు దాకా వెళ్ళి రావడానికే, ఆఫీసుకి స్కూటర్ ఉంది. ఏది తీసుకోమంటారు?

బ్రాడీపేట నాలుగో లైను
ఇందులో ఆలోచించేదేం లేదు తమ్ముడూ, హెచ్‌టీ తీసుకో. 30.5 హార్స్‌పవర్ అది. ఎల్‌టీ 27. జపాన్ ఆర్‌డీ 350బీ 39 దాకా ఇచ్చేది, 1983లో రాజ్‌దూత్ తయారుచేసే ఎస్కార్ట్స్ వాళ్ళు ఇక్కడ మొదలుపెట్టినప్పుడే మన రోడ్లకి, మన పెట్రోలు ఖర్చుకి తగ్గట్టు దాన్ని దించారు, తర్వాత మైలేజీ కోసమని ఎగ్జాస్ట్ దారి ఇంకా ఇరుకు చేసి ఎల్‌టీ తెచ్చారు. రెండుసార్లు గొంతు నొక్కిన బండి అది. నేను రెండూ నడిపాను. హెచ్‌టీ మూడో గేర్‌లో 5,000 ఆర్‌పీఎం దాటాక ముందు చక్రం తేలికైపోతుంది, ట్యాంకుని మోకాళ్ళతో గట్టిగా పట్టుకోవాలి. జీవితంలో ఒక్కసారి కొంటున్నావ్, 70 వేలకి చూసుకోకు.

రామవరప్పాడు రింగ్
నేను ఆర్‌ఎక్స్ వైపు. 98 సీసీ, 11 హార్స్‌పవర్, బరువు వంద కిలోల పైచిలుకు అంతే, సిగ్నల్ దగ్గర దాని లాగుడు ఇప్పటికీ కొత్త బళ్ళకి రాదు. ఒక సిలిండర్, ఒక కార్బురేటర్. ఏది పాడైనా ఆటోనగర్‌లో సాయంత్రానికల్లా చేయించుకుని ఇంటికి రావచ్చు. ఆర్‌డీ అయితే సామాను కోసం నెలల తరబడి ఫోన్లు చేస్తూ ఉండాలి. అయితే ఒక మాట, అందరూ ఆర్‌ఎక్స్ 100 అని అమ్మే వాటిలో ఆర్‌ఎక్స్ 135 ఇంజిన్ పెట్టినవి చాలా ఉన్నాయి, నంబర్ చూసుకో.

పాత బళ్ళ మనిషి
బ్రాడీపేట అన్న చెప్పిన అంకెలు కరెక్టే. కానీ అవి షోరూం నుంచి బయటికొచ్చిన రోజు అంకెలు. నలభై ఏళ్ళలో ఎన్నిసార్లు ఇంజిన్ విప్పారో, ఎవరు విప్పారో తెలియని బండికి ఆ మూడున్నర హార్స్‌పవర్ తేడా ఎక్కడ మిగిలి ఉంటుంది? నేను ఎల్‌టీ అంటాను, అదీ ఆ తెనాలి బండే.

ఆరేళ్ళ క్రితం నేనూ హెచ్‌టీ అన్న మాట పట్టుకునే కొన్నా. పెయింట్ అద్దంలా ఉంది, కిక్కు కొడితే రెండో కిక్కుకే స్టార్ట్. మే నెల, మధ్యాహ్నం పూట మంగళగిరి దాటి కాజ టోల్‌గేట్ వైపు పోతున్నా. ఉన్నట్టుండి ఇంజిన్ గొంతు సన్నబడినట్టు అనిపించింది, ఏంటా అనుకునేలోపే వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్ మీద వేళ్ళు ఉండబట్టి నొక్కేశాను, లేకపోతే వెనకే లారీ. ట్రాలీ ఆటోలో ఆటోనగర్ తెచ్చి హెడ్ విప్పితే ఎడమ పిస్టన్ అల్యూమినియం కరిగి సిలిండర్ గోడకి పూసినట్టు అంటుకుని ఉంది, మెకానిక్ స్క్రూడ్రైవర్ కొసతో గీరితే పొరలుగా ఊడొచ్చింది. ఎడమ వైపు క్రాంక్ ఆయిల్ సీలు ఎండి పగిలిపోయి, అక్కడి నుంచి గాలి లాగి, ఆ సిలిండర్‌కి పెట్రోలు, ఆయిలు చాలక పిస్టన్ పట్టేసింది. పైగా అప్పటికే 1.00 ఓవర్‌సైజ్ పిస్టన్ (మామూలు కంటే ఒక మిల్లీమీటర్ పెద్దది) వేసేసి ఉంది, అంటే ఇంక బోరింగ్, అదే సిలిండర్ లోపల కోసి పెద్దది చేయించడానికి చోటు లేదు, లైనర్ (లోపల కొత్త గొట్టం) వేయించాల్సిందే. రెండు సిలిండర్లూ ఒక జత కూడా కాదు, ఒకటి ఎల్‌టీది. అమ్మినాయన కాగితం మీద హెచ్‌టీ అని రాసి సంతకం పెట్టి ఇచ్చాడు.

అందుకే తమ్ముడూ, బండి చూడటానికి వెళ్ళేటప్పుడు ముందే చెప్పు, నేను వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని. వేడి మీదున్న ఇంజిన్ అన్నీ దాచేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ప్లగ్గులు రెండూ తీసి పక్కపక్కన పెట్టు, రెండూ ఒకే గోధుమ రంగులో ఉండాలి. ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా ఉంటే రెండు సిలిండర్లూ రెండు దారుల్లో ఉన్నట్టు. స్టార్ట్ చేశాక రెండు సైలెన్సర్ల వెనక రెండు అరచేతులు పెట్టు, తోపు రెండిట్లో సమానంగా తగలాలి. ఒకసారి రేజ్ చేసి వదిలెయ్యి. ఐడిల్‌కి వెంటనే దిగకుండా కాసేపు పైనే వేలాడితే సీలు దగ్గర గాలి లాగుతోందని అర్థం, నా బండి అలాగే చేసేది, నాకప్పుడు తెలియలేదు. కుడి వైపు సీలు పోతే గేర్‌బాక్స్ ఆయిల్ కూడా కాలి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది. ఆయిల్ పంపు ఉందా, తీసేసి పెట్రోల్లో ఆయిల్ కలిపి పోస్తున్నారా, అది నోరు తెరిచి అడుగు.

హెచ్‌టీ అయినా ఎల్‌టీ అయినా ముందు బ్రేక్ డ్రమ్మే, జపాన్ బండికి ఉన్న డిస్క్ మనకి రాలేదు. హైవే మీద ఆ ఎక్కువ పవర్ వాడాలంటే ఆపగలగాలి కూడా. ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు, గ్యాస్కెట్లు దానికి ఉబ్బిపోతాయి, ఇంజిన్‌లోకి వెళ్ళే పెట్రోలు, గాలి మిక్స్చర్ పల్చబడుతుంది, ఎయిర్ కూల్డ్ టూ స్ట్రోక్‌కి మన ఎండల్లో అది ప్రమాదం. ఏ బండి తీసుకున్నా పైపులు, సీళ్ళు మార్చి, కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్ ఒక సైజు పెంచి చూడాలి. దీనికి ఓ నలభై యాభై వేలు పక్కన పెట్టుకోవాలి. గుంటూరు బండికి ఇస్తే నీ చేతిలో మిగిలేది 10 వేలు. ఆ లెక్క ఒక్కటి చాలు నాకు.

ఆర్‌ఎక్స్ మంచి బండి, కాదనను. కానీ నువ్వు మీ మామయ్య బండి సౌండ్ గురించి రాశావ్. ఆ రెండు సిలిండర్ల సౌండ్ ఆర్‌ఎక్స్‌లో రాదు, సంవత్సరం తిరక్కుండా అమ్మేసి మళ్ళీ ఇక్కడికే వచ్చి ఇదే ప్రశ్న అడుగుతావ్.

బ్రాడీపేట నాలుగో లైను
మీ బండి విషయంలో జరిగింది అన్యాయం, ఒప్పుకుంటాను. కానీ మోసపోయిన హెచ్‌టీని చూపించి హెచ్‌టీలన్నీ వద్దనడం సరికాదు. మంచి హెచ్‌టీ దొరికేదాకా ఆగమనండి, ఏడాదైనా సరే. ఎల్‌టీ కొన్నవాళ్ళు తర్వాత పైపులు మార్చి హెచ్‌టీ చేయాలని డబ్బులు పోయడం నేను చాలామందిని చూశాను, అయినా ఆ లాగుడు రాలేదు. తమ్ముడికి మామయ్య బండే గుర్తుంటే, అది ఏ సంవత్సరం బండో కనుక్కోమనండి ముందు.

కృష్ణలంక కుర్రాడు
అత్తయ్యని అడిగాను అన్నా, మామయ్యది 1986 బండి. అంటే ఎల్‌టీ వచ్చాక కొన్నదే, అదీ ఎల్‌టీయే అయి ఉండాలి. నేను ఇన్నాళ్ళూ మనసులో పెట్టుకున్న సౌండ్ దానిదే.

నిన్న తెనాలి వెళ్ళొచ్చాను. బండి చల్లగానే ఉంచారు. ఐదో కిక్కుకి స్టార్ట్ అయింది, మొదట్లో ఎడమ సైలెన్సర్ తోపు కాస్త తక్కువ, వేడెక్కాక సమానమైంది. ఐడిల్ వెంటనే దిగింది. ఆయిల్ పంపు ఉంది, పనిచేస్తోంది. ఇంజిన్ నంబర్ ఆర్‌సీ పుస్తకంతో సరిపోయింది, ఆకురాయి గీతలు లేవు. వాళ్ళ నాన్నగారు ప్రతి సర్వీసూ ఒక స్కూలు నోటుబుక్కులో రాసి పెట్టుకున్నారు, బోరింగ్ ఒక్కసారే, 0.25. ఆ పుస్తకం చూశాక నాకు ఇంక ఏం అడగాలనిపించలేదు. 2 లక్షల 55 వేలకి ఒప్పుకుని పది వేలు అడ్వాన్స్ ఇచ్చాను. చిక్కేంటంటే బండి ఇంకా చనిపోయినాయన పేరు మీదే ఉంది, ఆర్‌సీ గడువు అయిపోయింది, పుస్తకంలో ఆంధ్రా బ్యాంక్ ఫైనాన్స్ ముద్ర కూడా కొట్టేయకుండా ఉంది. పాతది కాబట్టి వింటేజ్ (పురాతన బండి) కింద రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చని ఒకరన్నారు, నిజమేనా?

పాత బళ్ళ మనిషి
వింటేజ్ కుదరదు. 2021లో తెచ్చిన ఆ రూల్ మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన బళ్ళకే, నీది 2037 దాకా మామూలు బండే. ముందు కొడుకుని ఫారం 31తో తన పేరు మీదకి మార్పించుకోమను, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పెట్టి. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంక్‌లో కలిసింది కాబట్టి అప్పు తీరిన లెటర్, ఫారం 35 మీద సంతకం వాళ్ళ దగ్గరే తీసుకోవాలి. ఆ తర్వాత ఫారం 25తో రెన్యువల్, ఆఖర్న 29, 30తో నీ పేరు మీదకి. మిగతా డబ్బు కొడుకు పేరు ఆర్‌సీలో ఎక్కాకే ఇవ్వు. ఆ నోటుబుక్కు కూడా బండితో పాటు ఇస్తారేమో అడుగు, వాళ్ళు ఇవ్వలేమంటే కనీసం పేజీలన్నీ ఫొటోలు తీసుకో.