‘వివరింపదగున్’ అంటే సంజాయిషీ చెప్పుకోమనా?

ప్రశ్న:
వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింపదగున్
గని కల్ల నిజము దెలిసిన
మనుజుడె పో నీతిపరుడు మహిలో సుమతీ!

ఎవరేమన్నా విని, ఆనక మన వైపు వివరణ ఇచ్చుకోవాలనా దీని భావం? మన విలువలనే తప్పుపట్టేవాళ్ల మాట కూడా వినాలా?

జవాబు:
ఇక్కడ వివరించడం ఎదుటివాళ్లకు చెప్పుకోవడం కాదండీ, విన్నదాన్ని విడదీసి చూసుకోవడం. మూడో పాదమే సాక్ష్యం: ‘గని’ అంటే పరిశీలించి. సంజాయిషీ ఇస్తే కల్లా నిజమూ ఎలా తేలతాయి? మాట పడగానే సమర్థించుకోవడం వేగపాటే. వెంటనే తలొగ్గి ఒప్పేసుకోవడమూ వేగపాటే, ఈ సగాన్ని చాలామంది పట్టించుకోరు. పద్యం ‘వినదగు’ అంది గానీ ‘చేయదగు’ అనలేదు.

ఆచరణలో అయితే, అన్న మాటను అన్నట్టే కాగితం మీద పెట్టండి. మన మాటల్లోకి మార్చామా, గాయం పెద్దదవుతుంది. ‘రెండుసార్లు గడువు దాటించావు, నీకు బాధ్యత లేదు’ అన్నారనుకోండి. గడువు సంగతి సరిచూసుకోవచ్చు; నిజమైతే ఒప్పుకుని దిద్దుకోవాలి. బాధ్యత లేదన్నది వాళ్ల తీర్పు, అది రుజువు కాదు. ఈ పని ఆ పూటే చేయకండి, ఒక రాత్రి గడవనివ్వండి. కారణం చెప్పకుండా కాదన్నప్పుడు విడదీయడానికి ఏమీ ఉండదు. ఒక్కసారి అడగాలి, చెప్పకపోతే వదిలేయాలి. లేని కారణాన్ని ఊహించుకుని దానికి తగ్గట్టు మారబోయినప్పుడే మనిషి తన దారి తప్పుతాడు.

మరొకరు:
విలువల ప్రశ్నకు భర్తృహరి నీతిశతకం చూడాలి. ‘నిందంతు నీతినిపుణా యది వా స్తువంతు’ అని మొదలై ‘న్యాయ్యాత్ పథః ప్రవిచలంతి పదం న ధీరాః’ అని ముగుస్తుంది. నీతి తెలిసినవాళ్లు నిందించినా పొగిడినా ధీరులు న్యాయమైన దారి నుంచి అడుగు కదపరు. నిందించేది తెలివితక్కువవాళ్లు అనలేదు, గమనించండి. పొగడ్తనూ నింద పక్కనే పెట్టాడు. అయితే ఆ దారి న్యాయమైనదేనా అన్నది ముందు తేలాలి. ఆ పని సుమతి పద్యానిది. ముందు అది చేయకపోతే మొండితనం ధైర్యంగా చలామణీ అవుతుంది.

ప్రశ్న:
మరి ‘మనుజుడె పో’లో పో?

జవాబు:
పొమ్మనడం కాదు, నొక్కి చెప్పడం. అలాంటివాడే సుమా నీతిపరుడు అని. ఇంకొకటి: ‘వివరింపదగు’ అని నకారప్పొల్లు (చివరి ‘న్’) లేకుండా పంచుకుంటున్నారు. ఈ పద్యం ఛందస్సు కందం. కందంలో రెండు, నాలుగు పాదాల చివర గురువు, అంటే సాగదీసి పలికే అక్షరమో పొల్లుతో ముగిసే అక్షరమో ఉండాలి. ‘పదగున్’ సగణం, అంటే రెండు లఘువులు (పొట్టి అక్షరాలు), ఒక గురువు; పొల్లు తీసేస్తే మూడూ లఘువులై గణం చెడుతుంది.