డొరతీ డెన్నింగ్ గురించి క్లాసులో ఎలా చెప్పాలి? సెక్యూరిటీలో పనిచేసేవాళ్ళు సాయం చేయండి

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ కాలేజీలో కంప్యూటర్స్ చెబుతాను. వచ్చే వారం ఫైనలియర్ పిల్లలకు అమెరికన్ కంప్యూటర్ సెక్యూరిటీ శాస్త్రవేత్త డొరతీ డెన్నింగ్ గురించి ఒక గంట మాట్లాడాలి. క్లాసులో సగం మంది అమ్మాయిలు. ఈ రంగానికి పునాది వేసినవాళ్ళలో ఒక మహిళ ఉన్నారని వాళ్ళకు తెలియాలని నా కోరిక.

1975లో పర్డ్యూ యూనివర్సిటీలో ఆవిడ పీహెచ్‌డీ పూర్తిచేశారు. రహస్య సమాచారం ప్రోగ్రాం లోపలి నుంచి బయటికి జారిపోకుండా ఎలా చూడాలన్నదే విషయం. 1976లో వచ్చిన లాటిస్ మోడల్ దాని ఫలితమే. సమాచారాన్ని గోప్యత స్థాయిలుగా విడదీసి, ఏ స్థాయి నుంచి ఏ స్థాయికి పోనివ్వాలో చెప్పే పద్ధతి అది. ఇది బోర్డు మీద చెప్పగలను.

నాకు చిక్కొచ్చింది 1987 నాటి పేపర్ దగ్గర. ఒక యూజర్ మామూలుగా ఎప్పుడు లాగిన్ అవుతాడు, ఏ ఫైళ్ళు తెరుస్తాడు అన్నది సిస్టమ్ రికార్డుల నుంచి గమనించి, దానికి భిన్నంగా ఏదైనా జరిగితే అనుమానించాలని అందులో చెప్పారు. చొరబాట్లను పసిగట్టే సాఫ్ట్‌వేర్‌లలో చాలావాటికి ఇదే మూలం. మరి ఈ రోజు మీ ఆఫీసుల్లో వచ్చే అలర్ట్‌లలో ఆ ఆలోచన ఎంతవరకు మిగిలి ఉంది? తప్పుడు అలర్ట్‌లతో మీరు పడే తిప్పలు ఒకటి రెండు చెబితే పిల్లలకు బాగా ఎక్కుతుంది.

ఇంకొకటి. 1990లలో క్లిప్పర్ చిప్‌ను, అంటే ఫోన్ మాటలను ఇతరులకు అర్థం కాని రహస్య రూపంలోకి మార్చే (ఎన్‌క్రిప్షన్) చిప్‌ను, ఆవిడ సమర్థించారు. ఆ రహస్యాన్ని విప్పే తాళంచెవులు అమెరికా ప్రభుత్వ సంస్థల దగ్గర కూడా ఉండాలన్న పథకం అది. తోటి నిపుణులు చాలామంది గట్టిగా వ్యతిరేకించారు. దీన్ని దాటేయడం నాకు ఇష్టం లేదు. ఆవిడ మీద గౌరవం తగ్గకుండా, రెండు వైపుల వాదనా నిజాయితీగా ఎలా చెప్పమంటారు?