72 ఏళ్ల అమ్మగారికి కండరాల వ్యాయామం ఎలా మొదలుపెట్టించాలి?

మా అమ్మగారు రోజూ అరగంట నడుస్తారు. అయినా ఈ మధ్య కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేవలేకపోతున్నారు, మెట్లు దిగేటప్పుడు తూలుతున్నారు. పడిపోతారేమోనని నాకు చాలా భయంగా ఉంది. 65 ఏళ్లు దాటినవారు నడక వంటి శ్రమతో పాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామం, మూడు రోజులు నిలకడను పెంచే సాధన చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అమెరికాలో 70 నుంచి 89 ఏళ్ల 1,635 మందిపై జరిపి, 2014లో ప్రచురించిన అధ్యయనంలోనూ, ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవారికంటే ఇలాంటి క్రమబద్ధమైన సాధన చేసినవారిలో 400 మీటర్లు నడవలేని స్థితి తక్కువమందికే వచ్చింది.

బీపీ మందులు వాడుతూ, మోకాళ్ల నొప్పులున్న పెద్దలతో ఇంట్లోనే ఈ వ్యాయామాలు చేయించినవారు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం రోజుకు ఎన్నిసార్లతో ప్రారంభించారో, ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణ ఎన్నాళ్లు అవసరమైందో దయచేసి తెలియజేయగలరు.